ఫాదర్‌ను ఎప్పుడు పిలవాలి? జబ్బుపడ్డ ఇంటికి వచ్చే సంస్కారాల సంగతి

కథోలిక ఇళ్లలో మనిషికి సీరియస్ అయితే అందరికంటే చివర ఫోన్ వెళ్లేది ఫాదర్‌గారికి. ముందు 108కి చేస్తారు. తర్వాత చెన్నైలో ఉద్యోగం చేసే కొడుక్కి, ఆ తర్వాత మేనమామలకి, డబ్బు సర్దగలిగినవాళ్లకి. డాక్టరు "ఇంక ఇంటికి తీసుకెళ్లండి" అన్నాక ఎవరో ఒకరికి విచారణ గురువులు, అంటే తమ ప్రాంతపు గుడి ఫాదర్, గుర్తొస్తారు. అప్పటికి ఆయన ఇంకో ఊళ్లో సాయంత్రం పూజలో ఉంటారు. ఆయన వచ్చేసరికి జబ్బుమనిషికి మాట ఉండదు, మింగుడు పడదు. ఒక్కోసారి మనిషే ఉండడు. "ఫాదర్ వచ్చేదానికి ముందే పోయినాడు" అనే మాట నెల్లూరు, ప్రకాశం జిల్లాల కథోలిక కుటుంబాల్లో కొత్తేం కాదు.

విచారణలు పెద్దవి, ఊళ్లు దూరం, గురువులు తక్కువ అన్నది నిజమే. అయితే ఆలస్యానికి దూరం కన్నా భయం పెద్ద కారణమని నా అభిప్రాయం. "ఇప్పుడే ఫాదర్‌ను పిలిస్తే ఆయనకు ఇంక అయిపోయిందని తెలిసిపోద్ది, గుండె జారిపోద్ది" అంటారు ఇంట్లోవాళ్లు. మనిషిని కాపాడుకోవాలనే అంటారు. కానీ ఆ జాగ్రత్త వల్ల నష్టపోయేది ఆ మనిషే.

ఈ భయం ఊరికే పుట్టలేదు. యాకోబు లేఖ 5వ అధ్యాయం 14, 15 వచనాలు సూటిగా ఉంటాయి: మీలో ఎవరికైనా జబ్బు చేస్తే సంఘం పెద్దల్ని పిలిపించుకోవాలి, వాళ్లు ప్రభువు పేర నూనె పూసి ప్రార్థించాలి, ప్రభువు ఆ రోగిని లేవనెత్తుతాడు. చావు ప్రస్తావన అందులో లేదు. 416లో పోపు మొదటి ఇన్నసెంట్ ఒక బిషప్పుకు రాసిన ఉత్తరంలో ఇంకా ఆశ్చర్యపరిచే సంగతి ఉంది. బిషప్పు ఆశీర్వదించిన నూనెను గురువులే కాదు, క్రైస్తవులందరూ తమకో తమవాళ్లకో అవసరమైనప్పుడు వాడుకోవచ్చని ఆయన రాశారు. అంటే ఆ రోజుల్లో అది ఇంట్లో ఉండగలిగిన నూనె.

తర్వాతి శతాబ్దాల్లో కథ మారింది. పెద్ద పాపాలకు ప్రాయశ్చిత్తం చాలా కఠినంగా ఉండేది. జీవితంలో ఒక్కసారే దొరికేది, ఏళ్ల తరబడి సాగేది. అందుకని జనం దాన్ని మరణశయ్య దాకా వాయిదా వేసుకోవడం మొదలుపెట్టారు. దాని వెంట నూనె పూయడం కూడా చివరి గడియకు జరిగిపోయింది. 12వ శతాబ్దం నాటికి అది 'చివరి అభ్యంగనం' (చివరగా నూనె పూయడం) అయిపోయింది. 1551లో కథోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ ముసాయిదాలో ఈ సంస్కారం, అంటే ఈ పవిత్ర కర్మ, చావు దగ్గరపడ్డవాళ్లకు 'మాత్రమే' అని రాశారు. చర్చ తర్వాత ఆ మాట కొట్టేసి 'ముఖ్యంగా' అని పెట్టారు. అంటే మిగతా జబ్బుమనుషులకు ఇవ్వకూడదని శ్రీసభ (కథోలిక చర్చి) ఎన్నడూ చెప్పలేదు. ఆచరణలో మాత్రం నాలుగు వందల ఏళ్లు అలాగే నడిచింది.

నెల్లూరు మేత్రాసనం (ఒక బిషప్పు పరిధిలోని ప్రాంతం) ఏర్పడింది 1928లో, మిల్‌హిల్ అనే మిషనరీ సభ గురువుల చేతుల మీదుగా. అంటే మేత్రాసనం మొదటి నలభై ఏళ్లూ పాత పద్ధతే. మన అవ్వాతాతలు జ్ఞానోపదేశంలో నేర్చుకున్నది 'అవస్థ అభ్యంగనం', అంటే ప్రాణం పోయే అవస్థలో ఉన్నవాడికి ఇచ్చేది. సాములోరు నూనె పట్టుకుని వీధిలోకి వచ్చారంటే ఆ ఇంట్లో పాడె కట్టేందుకు మనుషులు చేరేవాళ్లు. ఆ జ్ఞాపకం తరాలు దాటి వచ్చింది. 1963లో రెండవ వాటికన్ మహాసభ దైవార్చన శాసనం 73వ పేరాలో ఇది చావు అంచున ఉన్నవాళ్లకు మాత్రమే సంబంధించిన సంస్కారం కాదని తేల్చి చెప్పింది. 1972 నవంబర్ 30న పోపు 6వ పౌలు కొత్త క్రమాన్ని ప్రకటించారు. అంతకుముందు కళ్లు, చెవులు, ముక్కు, నోరు, చేతులు, పాదాలు అన్నిటికీ నూనె పూసేవాళ్లు. ఇప్పుడు నుదురు, రెండు చేతులు చాలు. ఆలివ్ నూనె దొరక్కపోతే మొక్కల నుంచి తీసిన ఏ నూనె అయినా పనికొస్తుంది. ప్రార్థన మాటలు కూడా మారాయి. నుదుటి మీద పూసేటప్పుడు ప్రభువు తన ప్రేమతో, పవిత్రాత్మ కృపతో తోడ్పడాలని, చేతుల మీద పూసేటప్పుడు పాపాల నుంచి విడిపించి రక్షించి లేవనెత్తాలని అడుగుతారు. లేవనెత్తమని అడుగుతున్న ప్రార్థనను జనం సాగనంపే ప్రార్థన అనుకుంటున్నారు. చిక్కంతా ఇక్కడే ఉంది.

జబ్బుపడ్డ ఇంటికి వచ్చే సంస్కారాలు మూడు: పాపసంకీర్తనం (ఫాదర్‌తో పాపాలు చెప్పుకుని క్షమాపణ పొందడం), అభ్యంగనం (రోగికి నూనె పూయడం), దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం). ఈ మూడింటినీ కలిపి ఒకే మూటగా చూడటం వల్ల సగం గందరగోళం వస్తుంది. దేనికి అర్హత దానిది, ఇచ్చేవాళ్లు వేరు, వేళ కూడా వేరు.

అభ్యంగనం విషయంలో 1983 నాటి శ్రీసభ చట్టం 1004వ సూత్రం స్పష్టంగా ఉంది. జబ్బు వల్లో వృద్ధాప్యం వల్లో ప్రాణాపాయం 'మొదలైనప్పుడు' ఇవ్వవచ్చు. ముదిరినప్పుడు అనలేదు. నెల్లూరులో యాంజియో తీసి బైపాస్ చేయాలన్నారు, చెన్నైకి బయల్దేరుతున్నారు అనుకుందాం. కారెక్కకముందే అభ్యంగనం తీసుకోవాలి. క్యాన్సర్ అని రిపోర్టు వచ్చిన వారంలోనే తీసుకోవచ్చు. కిడ్నీలు పోయి డయాలసిస్ మొదలుపెట్టినవాళ్లు తీసుకోవచ్చు. ప్రత్యేకంగా ఏ జబ్బూ లేకపోయినా ఒళ్లు బాగా ఉడిగిపోయిన ముసలివాళ్లు తీసుకోవచ్చు. జలుబు, మామూలు జ్వరం, పన్ను పీకించుకోవడం వంటివాటికి అక్కర్లేదు. ఒకసారి తీసుకుంటే మళ్లీ కుదరదు అనేది ఇంకో అపోహ. కోలుకుని తిరిగి జబ్బుపడినా, అదే జబ్బు మరింత ముదిరినా మళ్లీ తీసుకోవచ్చు. గుళ్లో చాలామందికి ఒకేసారి కూడా ఇస్తారు. పోపు రెండవ జాన్ పాల్ 1992లో ఏర్పాటు చేసిన ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం ఫిబ్రవరి 11. లూర్దుమాత పండుగ కూడా ఆ రోజే. అలాంటి పూజకు పదిమందితో పాటు కూర్చుని చేతులు చాపి నూనె పూయించుకుని ఇంటికి నడిచి వచ్చిన అవ్వను చూస్తే ఇంట్లోవాళ్ల భయం సగం తగ్గుతుంది. ఎంత ఉపదేశం చేసినా రాని ఫలితం అది.

పసిపిల్లల దగ్గర చాలామంది పొరబడతారు. మంచీచెడూ తెలిసే వయసు రాని బిడ్డకు అభ్యంగనం ఉండదు. నెలల బిడ్డ ఐసీయూలో ఉంటే కావాల్సింది జ్ఞానస్నానం (బాప్తిస్మం). ఫాదర్ అందుబాటులో లేకపోతే నర్సు అయినా, అమ్మమ్మ అయినా, క్రైస్తవులు కానివాళ్లయినా సరే, శ్రీసభ ఉద్దేశంతో తలమీద నీళ్లు పోస్తూ "నేను నీకు పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున జ్ఞానస్నానం ఇస్తున్నాను" అంటే చెల్లుతుంది. ఫాదర్ అందితే ప్రాణాపాయంలో ఉన్న ఆ బిడ్డకు భద్రమైన అభ్యంగనం (జ్ఞానస్నానాన్ని స్థిరపరిచే వేరే సంస్కారం, కన్ఫర్మేషన్) కూడా ఆయనే ఇవ్వగలరు, బిషప్పు కోసం చూడనక్కర్లేదు.

ఇక మంచానికో ఇంటికో పరిమితమైనవాళ్ల సంగతి. నిజానికి మన జిల్లాల్లో ఎక్కువమందికి సంబంధించింది ఇదే. కనిగిరి, పామూరు వైపు మెట్ట ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి నడుములు వంగినవాళ్లను, మెడ తిప్పలేనివాళ్లను చూసే ఉంటారు. యాభై దాటకుండానే కింద కూర్చుంటే లేవలేరు, గుడి మెట్లెక్కలేరు. ఇవాళో రేపో పోయే మనుషులు కారు, ఇంకో ఇరవై ఏళ్లు బతకవచ్చు. కానీ ఆదివారం పూజకు రాలేరు. రాలేనివాళ్లకు ఆదివారం బాధ్యత వర్తించదు, పాపం అంటదు. టీవీలోనో యూట్యూబులోనో పూజ చూస్తే మనసుకు మంచిదే. కానీ సత్ప్రసాదం ఫోన్లో రాదు కదా. వీళ్లకు కావాల్సింది వారం వారం ఇంటికొచ్చే సత్ప్రసాదం. దాన్ని చావుబతుకుల్లో ఉన్నవాళ్లకే అని వదిలేయడం వల్ల ఇలాంటివాళ్లు క్రిస్మస్‌కీ, పాస్కకీ (ఈస్టర్‌కీ) మాత్రమే గుర్తొస్తారు. చాలా చోట్ల మొదటి శుక్రవారం ఫాదర్‌గారు ఇళ్లకు వెళ్లే ఆనవాయితీ ఉంది. మంచిదే, కానీ నెలకొకసారి తక్కువే అంటాను.

దీనికి ఫాదరే రానక్కర్లేదు. 1973 జనవరి 29న వాటికన్ ఇచ్చిన అనుమతితో, బిషప్పుగారు నియమించిన సిస్టర్లు, ఉపదేశులు (ఊళ్లో విశ్వాసం బోధించేవాళ్లు), మామూలు విశ్వాసులు కూడా సత్ప్రసాదాన్ని రోగుల ఇళ్లకు తీసుకెళ్లవచ్చు. ఆదివారం పూజ అయిన వెంటనే పీఠం దగ్గర నుంచి నేరుగా ఇంటికి తెచ్చి ఇస్తే, గుడికి రాలేని మనిషి కూడా ఆ పూజలో భాగమైనట్టే.

మా పెద్దమ్మ తుంటి ఎముక విరిగి పంచలో మంచానికే పరిమితమైన రోజుల్లో సిస్టర్ ఒకామె ఆదివారాలు వచ్చేది. పెద్దమ్మ హడావిడి పొద్దున్నుంచే మొదలు. స్టూలు మీద ఇస్త్రీ చేసిన తెల్ల తువ్వాలు పరవాలి, సిలువ పెట్టాలి, కొవ్వొత్తి వెలిగించాలి, గ్లాసుతో నీళ్లు, ఒక స్పూను ఉంచాలి. టీవీ కట్టేయమని పక్కింటివాళ్లకు కూడా చెప్పి పంపేది. ఒకరోజు సిస్టర్ మెడలో వేలాడే సంచిలోంచి చిన్న గుండ్రటి డబ్బా తీయబోతుంటే పెద్దమ్మ మొహం చిన్నబుచ్చుకుని, "నేను టీ తాగినానమ్మా, ఇంకా గంట కాలా" అంది. ముసలివాళ్లకు, జబ్బుమనుషులకు ఆ గంట ఉపవాసం లేదని సిస్టర్ చెప్పినా వెంటనే నమ్మలేదు. 919వ సూత్రంలో ఆ మినహాయింపు సూటిగానే ఉంది. మాత్రలు, నీళ్లు అయితే ఎవరికీ ఉపవాస భంగం కాదు. షుగర్ ఉన్నవాళ్లు సత్ప్రసాదం కోసం టిఫిన్ మానేసి కళ్లు తిరిగి పడిపోవాల్సిన పనిలేదని ప్రతి గుళ్లో గట్టిగా చెప్పాలి. మింగలేనివాళ్లకు అప్పంలో చిన్న తునక ఇచ్చి స్పూనుతో నీళ్లు పడతారు. ఆ తునక కూడా దిగనివాళ్లకు ద్రాక్షారస రూపంలో ఇచ్చే వీలుంది. ముందుగా చెబితేనే ఫాదర్ దానికి ఏర్పాటు చేసుకోగలరు.

అయితే అదే సిస్టర్‌గానీ ఉపదేశిగానీ నూనె పూయకూడదు. గురువు కన్నా కింది హోదాలో ఉండే డీకన్ కూడా పూయకూడదు. అభ్యంగనం ఇవ్వగలిగింది గురువు, బిషప్పు మాత్రమే అని 2005లో వాటికన్ మరోసారి ఖరాఖండిగా చెప్పింది. 416 నాటి ఉత్తరం చెప్పింది వేరే కదా అని అడగొచ్చు. పాపక్షమాపణ ఇచ్చే సంస్కారంగా అది స్థిరపడేకొద్దీ ఇచ్చే అధికారం గురువుకు పరిమితమైంది. మన ఇళ్లలో ఈ చిక్కు ఎక్కువ, ఎందుకంటే దాదాపు ప్రతి కథోలిక ఇంట్లో వేళాంగణి నుంచి తెచ్చిన నూనె సీసా ఒకటి ఉంటుంది. భక్తితో దాచుకోండి, తప్పులేదు. కానీ "వేళాంగణి నూనె రాసేశాం, ఇంక ఫాదర్ ఎందుకు" అంటే కుదరదు. ఫాదర్ తెచ్చేది బిషప్పుగారు పవిత్ర వారంలో ఆశీర్వదించే రోగుల తైలం. అది దగ్గర లేకపోతే, అవసరంలో ఏ గురువైనా సంస్కారం ఇచ్చేటప్పుడే అక్కడికక్కడే నూనెను ఆశీర్వదించవచ్చు. మామూలు వంట నూనె అయినా మొక్కల నుంచి తీసిందైతే చాలు.

పాపసంకీర్తనం గురువుతోనే, అదీ ఎదురుగా. ఫోన్లో, వీడియో కాల్లో చెల్లదు. కరోనా సమయంలో కూడా వాటికన్ దానికి ఒప్పుకోలేదు. 2020 మార్చి 20న ఇచ్చిన ప్రకటనలో, రోగులతో నిండిన వార్డుల దగ్గర అందరికీ కలిపి పాపక్షమాపణ ఇచ్చే వీలు గురించి, అదీ అందనివాళ్లు దేవుని మీద ప్రేమతో నిండు పశ్చాత్తాపం పడి, వీలైన వెంటనే సంకీర్తనం చేస్తానని నిశ్చయించుకుంటే దొరికే క్షమాపణ గురించి చెప్పారు. ప్రాణాపాయంలో ఉన్నప్పుడు ఏ గురువైనా, ఆఖరికి గురుత్వం వదిలేసి పెళ్లి చేసుకుని ఊళ్లో ఉంటున్నాయనైనా, పాపాలు క్షమించవచ్చని 976వ సూత్రం చెబుతుంది. సంకీర్తనం చెప్పుకునేటప్పుడు ఇంట్లోవాళ్లు గది బయటికి వెళ్లాలి. మన ఇళ్లలో కోడళ్లు, కూతుళ్లు, పక్కింటివాళ్లు మంచం చుట్టూ నిలబడే ఉంటారు. ఫాదర్ మొహమాటపడి ఏమీ అనలేకపోతే ఇంటి పెద్ద అయినా అందర్నీ పంపాలి. మాట పోకముందే పిలవమనడానికి అసలైన కారణం కూడా ఇదే. మాటున్నప్పుడే మనిషి తన బరువు దించుకోగలడు.

మాట పోయాక, స్పృహ తప్పాక కూడా అభ్యంగనం ఇవ్వవచ్చు. తెలివిలో ఉంటే అడిగి ఉండేవాడే అని అనుకోగలిగితే చాలు. ఐసీయూలో ఉన్నా ఫాదర్‌ను లోపలికి పంపమని డ్యూటీ డాక్టర్‌ను అడగండి. రెండు నిమిషాల పని అని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. ఆ మనిషి చేతులకు కాన్యులాలు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు, నోటికి ట్యూబు ఉంటాయి. ఫాదర్ జేబులోంచి వేలెడంత లోహపు డబ్బా తీస్తారు. లోపల నూనెలో నానిన దూది ఉంటుంది. బొటనవేలు దానికి అద్ది నుదుటి మీద సిలువ గుర్తు వేస్తారు. చేతులు అందకపోతే నుదురు ఒక్కటే చాలు. నుదుటికి కట్టు ఉంటే ఒంట్లో ఇంకెక్కడైనా చాలు. అంటువ్యాధి అయితే వేలితో కాకుండా దూదిపుల్లతో పూయవచ్చు. మనిషి అప్పటికే పోయి ఉంటే మాత్రం సంస్కారం ఇవ్వరు, ప్రార్థన చేస్తారు. ప్రాణం ఉందో లేదో అనుమానంగా ఉంటే ఇస్తారు.

మన జిల్లాల్లో ఇంకో ముడి ఉంది. 1878లో ఒక్క రోజులో 2,222 మందికి బాప్టిస్టు మిషన్ బాప్తిస్మం ఇచ్చిన ఒంగోలు ప్రాంతం ఇది. ఒకే ఇంట్లో మామ బాప్టిస్టు, కోడలు కథోలిక్ అవడం సర్వసాధారణం. కోడలు కోసం వచ్చిన ఫాదర్‌ను మామ "నాకూ పూయండి సామీ" అంటే? ప్రాణాపాయంలో ఉండి, తన సంఘం పాస్టరు అందక, తనంతట తాను అడిగి, ఈ సంస్కారం మీద కథోలిక విశ్వాసాన్ని వెల్లడిస్తే ఇవ్వవచ్చని 844వ సూత్రం. ఒంగోలులో పక్క వీధిలోనే పాస్టరు ఉంటాడు కాబట్టి ఆ షరతు తీరడం కష్టం. ఆ మామ కోసం మంచం పక్కన నిలబడి ప్రార్థన చేయడానికి మాత్రం ఏ సూత్రమూ అడ్డురాదు, ఏ ఫాదరూ కాదనరు.

జనం పైకి చెప్పని భయాలు రెండున్నాయి. గుళ్లో కాకుండా పెళ్లి చేసుకున్నవాళ్లు, ఏళ్ల తరబడి గుడి మొహం చూడనివాళ్లు, ఫాదర్ తిట్టి వెళ్లిపోతారేమో అనుకుంటారు. బహిరంగమైన ఘోర పాపంలో మొండిగా కొనసాగుతానన్నవాళ్లకే అభ్యంగనం నిరాకరించమని చట్టం చెబుతుంది. తిరిగి రావాలనుకుంటున్న మనిషి ఆ లెక్కలోకి రాడు. రెండోది డబ్బు. పండుగ చందా బాకీ ఉందని ఫాదర్‌కు ఫోన్ చేయడానికి సిగ్గుపడిన కుటుంబాలు నాకు తెలుసు. పేదవాళ్లకు పేదరికం వల్ల సంస్కారాలు అందకుండా పోకూడదని 848వ సూత్రం స్పష్టంగా అంటుంది. బాకీ బాకీయే, దానికీ దీనికీ ముడిపెట్టే హక్కు సంఘ పెద్దలకు లేదు.

చివరి గడియ నిజంగా వచ్చినప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది అభ్యంగనం కాదు, సత్ప్రసాదం. ఈ సంగతి చాలామంది కథోలికులకే తెలియదు. చివరి ప్రయాణానికి దారిబత్తెంగా శ్రీసభ ఇచ్చేది అదే. వరస కూడా అదే: ముందు పాపసంకీర్తనం, తర్వాత అభ్యంగనం, చివర సత్ప్రసాదం. మనిషికి స్పృహ ఉండగానే ఇవ్వాలని, ఆలస్యం చేయవద్దని 922వ సూత్రం. దాంతోపాటు పాపాలకు మిగిలిన శిక్షను పూర్తిగా రద్దుచేసే పోపుగారి ఆశీర్వాదం కూడా ఫాదర్ ఇస్తారు. ఆయన అందకపోయినా, తగిన మనసుతో ఉండి, బతికినంతకాలం ఏవో కొన్ని జపాలు చెప్పుకునే అలవాటున్న మనిషికి శ్రీసభే ఆ విమోచన ఇస్తుంది. అందుకే మంచం దగ్గర కూర్చుని పరలోక జపం, మంగళవార్త జపం చెబుతూ చేతిలో సిలువ పెట్టడం వట్టి ఆచారం కాదు.

రోగితో పాటు మరచిపోయేది రోగిని చూసుకునేవాళ్లను. మంచంపట్టిన అత్తను మూడేళ్లుగా చూసుకుంటున్న కోడలు ఆదివారం పూజకు వెళ్లి ఎన్నాళ్లయి ఉంటుంది? ఇందాక చెప్పిన ఉపవాస మినహాయింపు రోగికే కాదు, చూసుకునేవాళ్లకూ వర్తిస్తుందని అదే సూత్రంలో ఉంది. ఆమె కూడా పక్కన కూర్చుని సత్ప్రసాదం తీసుకోవచ్చు, కావాలంటే ముందు సంకీర్తనం చెప్పుకోవచ్చు. చాలా ఇళ్లలో ఆమె ఆ సమయంలో వంటింట్లో ఫాదర్‌కు కాఫీ కలుపుతూ ఉంటుంది. కాబట్టి ఫాదర్‌కో సిస్టర్‌కో ఫోన్ చేసినప్పుడు పేషెంటు మాట్లాడగలరా, మింగగలరా, ఆస్పత్రిలో ఉన్నారా ఇంట్లోనా అనేవాటితో పాటు, సత్ప్రసాదం ఎంతమంది తీసుకుంటారో కూడా చెప్పండి. అన్ని అప్పాలు లెక్కపెట్టి తెస్తారు.